రాగి రేకు మీద కాలువలు

మా పొలం కాలువకు ఆఖరున ఉండేది. ఈ ఒక్క మాట చెబితే నిజామాబాదు జిల్లాలో మా వర్ని చుట్టుపక్కల వాళ్లకు మా ఇంటి సంగతంతా చెప్పినట్టే. నిజాంసాగర్ నీళ్లు పెద్ద కాలువలో బయలుదేరి, చిన్న కాలువల్లోకి తిరిగి, తూములు దాటి, ఒక్కొక్కరి మడీ తడుపుకుంటూ మా దాకా వచ్చేసరికి మిగిలేది ఎంతంటే, కప్పలు కూడా దిగాలా వద్దా అని ఆలోచించుకునేవి. అలాగని ఎవరినీ అనడానికి లేదు. పైన ఉన్నవాళ్లూ రైతులే, వాళ్లవీ ఎండే నారుమళ్లే. కాలువ పొడుగు, నీళ్లు తక్కువ. మా బాపు సగం జీవితం ఆ కాలువ గట్టు మీదే నడిచింది. పొద్దున లేస్తే గట్టు వెంబడి పైకి పోవడం, నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసి రావడం, వచ్చి అవ్వతో, అంటే మా అమ్మతో, "ఇంక రాలే" అనడం. అన్నం తిన్నాక మళ్లీ పోవడం.

ఆ ఆఖరు పొలం మీదే బాపు నన్ను బీఎస్సీ దాకా చదివించాడు. అరవైల నాటి మాట ఇది. నిజామాబాదులో అవ్వ చెల్లెలైన మా చిన్నవ్వ ఇంట్లో ఉండి చదువుకున్నాను. పాసయ్యాక అదే కాలేజీలో, ఫిజిక్స్ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్ పని దొరికింది. పిల్లల చేత ప్రయోగాలు చేయించడం, వాళ్లు పగలగొట్టిన గాజు సామానుకు జవాబు చెప్పడం నా పని. రెండోదానికే ఎక్కువ సమయం పట్టేది. అయినా నాకు ఆ పని చాలా ఇష్టంగా ఉండేది. ల్యాబు తాళంచెవి కొంగుకు ముడివేసుకుని నడుస్తుంటే నా అంతటి మనిషి జిల్లాలో లేదనిపించేది.

ఒక వానాకాలం మొదట్లో నాకు హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అదే వారం భీమ్‌గల్ నుంచి సంబంధం కూడా వచ్చింది. పసుపు పండించే కుటుంబం, బావి నీళ్ల సేద్యం, అంటే కాలువ వైపు మెడ చాచి చూడనక్కరలేని వాళ్లు. పిల్లవాడికి ఏదైనా వంక పెడదామని శాయశక్తులా ప్రయత్నించాను. దొరకలేదు. అవ్వకు అన్నీ నచ్చాయి. బాపు మాత్రం ఎటూ తేల్చకుండా నన్ను పిలిచి మంచం మీద పక్కన కూచోబెట్టుకున్నాడు.

"హైద్రాబాదుల రెండేండ్లు ఏం సదువుతవ్ బిడ్డా?"

"ఎండలకెల్లి కరెంటు తీసుడు, బాపు. ఇప్పుడు కాలేజీల సుత గదే చేస్తున్న."

"ఎండలకెల్లా?" అని వాకిట్లో పడ్డ ఎండను ఒకసారి చూశాడు. మామూలుగానే ఉంది. "సరే. నాట్లు అయినంక ఒకనాడు వస్త. నువ్వు చేసేదేందో నా కండ్లతోని సూస్త. సూసినంకనే ఏదన్న చెప్త. అప్పటిదాంక భీమ్‌గలోళ్లను సుత ఆగుమంట."

నా రెండేళ్లు, ఆ తర్వాతవి కూడా, ఆ మాట మీద ఆగిపోయాయి. బాపు చూడడానికి వచ్చేనాటికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. అప్పటికి నా దగ్గర ఉన్నది ముల్లు కదలని గాల్వనోమీటరూ, మసిపట్టిన కొన్ని రాగి రేకులూ.

ఈ రేకుల పిచ్చి మా సారుది. ల్యాబు పెద్ద ఆయనే. కృష్ణా తీరం నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా యాస విని నవ్వేవారు, నేను ఆయన "ఏవిటీ"లు విని నవ్వేదాన్ని. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకు ఎండతోనే కరెంటు పుడుతోందని పేపర్లో చదివి ఆయన ఊరుకోలేకపోయారు. ఉపగ్రహాలకు వాడే సరుకు మనకెక్కడ దొరుకుతుంది? రాగి దొరుకుతుంది. రాగి రేకును ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే పైన నల్లటి పెంకు కట్టి రాలిపోతుంది, దాని కింద ముదురు ఎరుపు పొర ఒకటి మిగులుతుంది. ఆ పొర మీద ఎండ పడితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది. పాత పుస్తకాల్లో ఉన్న సంగతే. బజారులో కంచరివాళ్ల కొలిమిలో రేకులు కాల్పించుకుని వచ్చేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు బిందెకు అతుకు వేయించడానికి వచ్చాననుకున్నారు.

పుట్టించడం అంత కష్టం కాలేదు. పుట్టినదాన్ని బయటికి తీసుకురావడమే కష్టమైంది. ఎరుపు పొర కరెంటును పుట్టిస్తుంది కాని మోయలేదు. పొర మీద ఎక్కడో మూల పుట్టిన కరెంటు తీగ దాకా నడవలేక దారిలోనే ఇంకిపోతుంది. అందుకని పొర పైన దారులు గీయాలి. గ్రాఫైట్ పొడిని కాస్త తుమ్మబంకతో కలిపి, చీపురు పుల్ల కొసను నలిపి దానితో నల్లటి గీతలు గీసేదాన్ని. గీతలన్నీ ఒకచోట కలిసి తీగకు అందుతాయి, తీగ గాల్వనోమీటరుకు పోతుంది, ఎంత సన్నటి కరెంటు వచ్చినా అందులో ముల్లు కదిలి చెబుతుంది. కాని గీత గీసిన మేరా నీడ పడుతుంది. నీడలో కరెంటు పుట్టదు. గీయకపోతే దారి లేదు, గీస్తే ఎండ లేదు. మా ఇద్దరి తగువూ దీని మీదే.

మొదటి రేకుకు అంచున ఒక్క గీత గీశాను. ముల్లు నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు కదిలి ఊరుకుంది. అప్పుడు సారు తన పద్ధతి చెప్పారు. "దారులు ఎన్నుంటే అంత మంచిది. వల లాగా గీసెయ్ అమ్మాయ్." వల లాగా గీశాను. చూడడానికి ఎంత బాగుందంటే, ముల్లు కదలకపోయినా పారేయబుద్ధి కాలేదు. సగం రేకు నల్లగా అయిపోయింది, ఇక ఎండకు చోటెక్కడ?

"ఇది వల కాదు సార్, గొడుగు," అన్నాను.

"అయితే నీ పద్ధతి ఏవిటో చెప్పు," అన్నారు ఆయన, కొంచెం కోపంగానే.

నా పద్ధతి నాకుంది. కాలువ పిల్లను నేను. పొలమంతా నీళ్లు అందాలంటే పొలమంతా కాలువలు తవ్వరు. తవ్వితే పంట ఎక్కడ వేస్తారు? ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్ల కాలువలు, మధ్యలో మడులు. రేకు మీద అదే గీద్దామనుకున్నాను. మా ఊరి కాలువను కళ్లముందు పెట్టుకుని గీశాను. అయితే ఒక్క సవరణ చేశాను. మా ఊరి కాలువ పైన వెడల్పుగా ఉండి ఆఖరుకు వచ్చేసరికి బక్కచిక్కిపోతుంది. నేను అలా చేయదలచుకోలేదు. ఆఖరు మూలను ఈసారి ఎవరూ మోసం చేయకూడదనుకుని, తీగ దగ్గర సన్నగా మొదలుపెట్టి, దూరం పోయేకొద్దీ గీత లావు చేస్తూ పోయాను. ఆఖరు మూలకు మహారాజు కాలువ ఇచ్చాను. పిల్ల కాలువలు కూడా అక్కడే ఎక్కువ పెట్టాను. గీస్తున్నంతసేపూ నాకు ఎంత తృప్తిగా ఉండిందో చెప్పలేను. ఎన్నాళ్ల బాకీనో తీరుస్తున్నట్టు గీశాను.

ఎండలో పెట్టాం. ముల్లు కదిలింది, వల మీద కంటే కాస్త నయం. అంతే.

సారు రేకును అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదేవిటీ, తోక లావు, మెడ సన్నం?" అన్నారు.

"ఆఖరోళ్లకు ఎక్కువ అందాలి సార్."

"ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు కాని భౌతికశాస్త్రంలో చెప్పడం రాలేదు. చెప్పలేకపోయేసరికి ఒళ్లు మండింది. బంక బాగాలేదన్నాను, రేకు సరిగా కాలలేదన్నాను, మబ్బు అన్నాను. సారు కిటికీలోంచి ఆకాశం చూశారు. ఒక్క మబ్బు లేదు. ఆ శనివారం తాళం వేసి, చెప్పకుండా బస్సెక్కి ఊరికి పోయాను.

ఊళ్లో నాట్లు సగమయ్యాయి. ఆదివారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. ఆఖరు పొలానికి ఇదొక వైభోగం. కావలసినప్పుడు నీళ్లు రావు, వద్దన్నప్పుడు ఊరందరివీ మాకే వస్తాయి. కొత్తగా నాటిన నారు మునిగిపోతోంది. బాపు గొంగడి కప్పుకుని, పార భుజాన వేసుకుని పోతుంటే నేనూ వెనకాల పోయాను. ఆయన కింది వైపు గట్టుకు గండి కొట్టాడు. మడిలో నీళ్లు కదిలాయి. నేను గట్టు మీద నిలబడి ఊరికే చూస్తున్నాను.

మడి అవతలి మూలన నీళ్లు కదిలినట్టే లేవు. నారు మధ్య వెంట్రుకలంత సన్నటి పాయలు అక్కడ మొదలయ్యాయి. అవి రెండు కలిసి ఒకటి, ఆ ఒకటి ఇంకొకదానితో కలిసి ఇంకాస్త పెద్దది. గండి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మూరెడు వెడల్పున దూకుతున్నాయి. బాపు గండిని ఇంకా వెడల్పు చేస్తున్నాడు. ఎందుకంటే మడి మొత్తం నీళ్లు పోవలసింది అక్కడినుంచే. గండి ఇరుకైతే అవతలి మూల మునిగే ఉంటుంది.

అప్పటిదాకా నేను నీళ్లు పెట్టే కాలువనే గీశాను. నా రేకు మీద ఎవరికీ నీళ్లు పెట్టేది లేదు, అక్కడ పుట్టినదాన్ని బయటికి తీయడమే! ఆఖరు మూల నా రేకు మీద పుచ్చుకునేది కాదు, ఇచ్చేది. దానికి మహారాజు కాలువ అక్కరలేదు. దాని వాకిట్లోకి ఒక సన్నటి దారి చాలు. వెడల్పు కావలసింది అందరిదీ వచ్చి చేరే చోట. నేనేమో సరిగ్గా అక్కడే మెడ నులిమి, ఆఖరు మూల మీద ఇంత లావు గీత పరిచి దాని ఎండ కూడా కాజేశాను. తల మీద నీళ్లు కారుతుండగా గట్టు మీద నిలబడి గట్టిగా నవ్వాను. బాపు తలెత్తి చూశాడు.

"ఏమైందే?"

"ఏం లేదు బాపు. నువ్వు కానియ్యి."

ఇంటికి పోయాక అవ్వ, తడిసినందుకు తిడుతూనే తల తుడిచింది. భీమ్‌గల్ సంబంధం మాట ఎత్తింది కూడా. నేను "ఊ" అన్నాను. ఏ ప్రశ్నకు అన్నానో నాకే తెలియదు, బుర్రంతా గీతలే.

సోమవారం సారుకు క్షమాపణ చెప్పే ఓపిక లేక నేరుగా రేకు తీసి గీయడం మొదలుపెట్టాను. తీగ దగ్గర వెడల్పుగా ఒక గీత, లోపలికి పోయేకొద్దీ సన్నం. దాని నుంచి పక్కలకు దువ్వెన పళ్లలా సన్నటి గీతలు, ఏ పంటి నుంచి చూసినా పక్క పన్ను మరీ దూరం కాకుండా. చీపురు పుల్ల పనికిరాక, చిన్నవ్వ బొట్టు పెట్టుకునే సన్న పుల్ల అడిగి తెచ్చాను. గీయడం, ఎండలో పెట్టడం, గోకేయడం, మళ్లీ గీయడం. పళ్లు ఎక్కువైతే నీడ, తక్కువైతే దూరం. మబ్బుల మధ్య ఎండ దొరికినప్పుడల్లా ల్యాబు వరండాలోకి పరుగెత్తేదాన్ని. కాలేజీ పిల్లలు నన్ను చూసి, మేడమ్ వడియాలు ఎండబెడుతోంది అనుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ముల్లు ఒక్కసారిగా లేచి, మేము అంతకుముందు ఎన్నడూ చూడని చోటికి పోయి నిలబడింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇంకో రేకు చెయ్యి అమ్మాయ్. ఒక్కటైతే అదృష్టం అంటారు." చేశాను. అదీ అక్కడికే పోయింది. ఆయన ఆ రోజు నాకు కాలేజీ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ నుంచి ఛాయ్ తెప్పించారు. మూడేళ్లలో అదే మొదటిసారి.

నాట్లయ్యాక బాపు వచ్చాడు. ఉతికిన ధోవతి, కొత్త రుమాలు తలకు చుట్టుకుని, పొద్దున్నే బస్సు దిగాడు. నేను ఆకాశం చూశాను. మూలమూలలా మబ్బు. ల్యాబులోకి తీసుకుపోయి సారును చూపించాను. సారు కుర్చీ వేశారు. బాపు కూచోలేదు. కాసేపు ఇద్దరూ నిలబడే వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత చేసేదేమీ లేక వరండాలో రేకు పెట్టుకుని ముగ్గురం మబ్బు వైపు చూస్తూ నిలబడ్డాం. నీళ్ల కోసం చూడడం బాపుకు అలవాటే. ఎండ కోసం చూడడం ఆ రోజే చూశాను.

"ఇయ్యాల సాయంత్రం బస్సుకు పోతనే," అన్నాడు. "రేపు భీమ్‌గలోళ్లు వస్తమన్నరు."

అంత మంచి రేకు చేసి, ఇంత పనికిమాలిన మబ్బు చేతిలో ఓడిపోతానా అని ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం దాటాక ఆకాశం కాస్త చీలింది. ఎండ వరండా మెట్ల మీదికి, అక్కడినుంచి రేకు మీదికి పాకింది. ముల్లు లేచింది. తన చోటికి పోయి నిలబడింది.

"చూసినవా బాపు!"

బాపు ముల్లును చూశాడు. మళ్లీ రేకును, మళ్లీ ముల్లును. "గింతేనా?" అన్నాడు.

నిజమే మరి. బీఎస్సీ చదివించాడు, పట్నంలో పెట్టాడు, పొలం పని వదులుకుని బస్సెక్కి వచ్చాడు, గడియారంలో ముల్లంత ముల్లు బెత్తెడు జరిగింది. ఇది మోటారు నడపదు, దీపం కూడా వెలిగించదు. సారు ఏదో చెప్పబోయి నా మొహం చూసి మానుకున్నారు.

బాపు మాత్రం అక్కడినుంచి కదల్లేదు. వంగి రేకును దగ్గరగా చూశాడు. వేలితో తాకకుండా గాలిలోనే గీతల వెంబడి పోయాడు.

"గిది తూమా?"

"తూము లెక్కనే. అంత గీడికెల్లే బయటికి పోతది."

"గిది పెద్ద కాలువ. గివి పిల్ల కాలువలు." వేలు నెమ్మదిగా రేకు అవతలి మూలకు పోయి అక్కడ ఆగింది. "గీ ఆఖరు మూలకెల్లి సుత వస్తదా? లేక తొవ్వలనే ఇంకుతదా?"

ఆయన ఆ ప్రశ్న వేసిన గొంతు నేను పుట్టినప్పటి నుంచీ విన్న గొంతే. తూములు తెరిచే లస్కరును అడిగేవాడు, పై వాళ్లను అడిగేవాడు, గట్టు మీద ఎదురైన ప్రతివాణ్నీ అడిగేవాడు. "నీ రుమాలియ్యి బాపు," అన్నాను.

రుమాలును మడతలు వేసి, రేకంతా కప్పేశాను. ముల్లు సున్నాకు పడిపోయింది. తర్వాత ఒక కొస ఎత్తి, ఆ ఆఖరు మూలను, అరచేయంత మేర, ఎండలోకి వదిలాను. ముల్లు లేచింది. కొంచెమే, కాని సున్నాను వదిలి స్పష్టంగా లేచి నిలబడింది.

బాపు నా చేతిలోంచి రుమాలు కొస తీసుకుని తనే మూశాడు. ముల్లు పడింది. తనే తెరిచాడు. లేచింది. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు. ఎండ ఉన్నంతసేపూ అదే పని. సారు మెల్లగా లోపలికి వెళ్లిపోయారు. మబ్బు మళ్లీ కమ్మాక బాపు రుమాలు దులిపి తలకు చుట్టుకుని, "ఆఖరుది సుత వస్తున్నది," అన్నాడు, నాతో కాదు, తనలో తను.

బస్టాండు దాకా నడిచాం. దారి పొడుగునా హైదరాబాదు మాటా లేదు, భీమ్‌గల్ మాటా లేదు. ఎరువు గురించి, అవ్వ మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. నేను అన్నిటికీ తలూపాను. అడగాలని ఉంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయంగానూ ఉంది. బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాడు. డ్రైవరు ఇంజను మొదలుపెట్టాక తల బయటపెట్టాడు.

"హైద్రాబాదుల ఎండ మంచిగ కొడ్తదానే?"

"కొడ్తది బాపు."

"మబ్బు?"

"మబ్బు సుత ఉంటది. ఆగాలె."

"ఆగుడు మనకు కొత్త కాదు గదా," అన్నాడు. బస్సు కదిలింది. "భీమ్‌గలోళ్లకు నేను చెప్పుకుంట. పో, సదువుకో."

తర్వాత నేను ఎమ్మెస్సీ పాసయ్యాను, ఉద్యోగం చేశాను, పెళ్లి కూడా చేసుకున్నాను, ఎండ ముందు ఇంకా ఎన్నో రేకులు పెట్టాను. అవన్నీ సంతోషాలే. కాని ఆ సాయంత్రం బస్టాండులో, దుమ్ములో నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూసినప్పుడు పడ్డంత సంతోషం నేను మళ్లీ పడలేదు.